ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ ఆగిపోయిందా? పారేసే ముందు ఇవి చూడండి

ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ ఆగిపోతే మన ఇళ్ళల్లో జరిగేది ఒకటే. నాలుగుసార్లు అరచేతిలో తట్టి చూస్తారు, ఓ రాత్రంతా చార్జింగ్ మీద వదిలేస్తారు, పొద్దున్న కూడా కదలకపోతే మామూలు బ్రష్‌తో పళ్ళు తోముకుని ఫోన్లో కొత్తదానికి ఆర్డర్ పెట్టేస్తారు. దీని లోపల ఉన్నది పెద్ద యంత్రమేమీ కాదండీ. ఒక సెల్లు, చిన్న సర్క్యూట్ బోర్డు, ఒక బటన్, ఒక మోటారు, అడుగున రాగి తీగ చుట్టిన కాయిల్, అంతే. వీటిలో ఏది పోయిందో తేలిస్తే సగం పని అయినట్టే, పైగా అది తేల్చడానికి చాలాసార్లు బ్రష్‌ని విప్పాల్సిన పని కూడా ఉండదు.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ఈ రిపేర్‌లో విప్పడం తేలిక, సెల్లు మార్చడం కొంచెం కష్టం, మళ్ళీ నీళ్ళు చొరబడకుండా మూయడమే అసలు పని. వీడియోల్లో ఆ మూసే భాగాన్ని చివర్లో గబగబా చూపించి వదిలేస్తారు, అందుకే ఇంట్లో బాగుచేసుకున్న బ్రష్‌లు కొన్నాళ్ళకే మళ్ళీ మూలపడతాయి.

మీ బ్రష్ కొని రెండేళ్ళు కాకపోతే స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి బిల్లు వెతకండి. రీచార్జి బ్రష్‌లకు చాలా కంపెనీలు రెండేళ్ళ వారంటీ ఇస్తాయి, ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళకు ఇన్‌వాయిస్ ఆ యాప్‌లోనే ఉంటుంది. ఒక్కసారి అడుగున మూత మీద గీతలు పడ్డాయంటే ఆ వారంటీ పోయినట్టే. సర్వీస్ సెంటర్ వాళ్ళు దీన్ని బాగుచేయరు, ఎక్కువగా మార్చి కొత్తది ఇస్తారు, కాబట్టి అడగడంలో మొహమాటం వద్దు.

మీ దగ్గర ఉన్నది ఏ రకం?

మన దగ్గర దొరికేవి మూడు నాలుగు రకాలు. చవకవాటిలో కింద మూత తిప్పితే మామూలు ఏఏఏ లేదా ఏఏ సెల్లు ఉంటుంది. ఓరల్-బి రీచార్జి బ్రష్‌లలో తల గుండ్రంగా ఉండి అటూ ఇటూ తిరుగుతుంది, చార్జింగ్ స్టాండు మీద ఒక పొట్టి ముక్కు ఉంటుంది, బ్రష్ దాని మీద కూర్చుంటుంది. ఫిలిప్స్ సోనికేర్ లాంటివి సోనిక్ రకం, వాటి తల తిరగదు, నిమిషానికి 31,000 సార్లు ఊగుతుంది. ఇక ఈ మధ్య ఎక్కువగా అమ్ముడవుతున్నవి యూఎస్‌బీ తీగతో చార్జ్ అయ్యే చవక సోనిక్ బ్రష్‌లు. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే ఒకదాని వైద్యం ఇంకోదానికి పనికిరాదు, ముఖ్యంగా మోటారు దగ్గర.

స్టాండుకీ బ్రష్‌కీ మధ్య ఇనుప పాయింట్లు ఏవీ తగలకుండా ఎలా చార్జ్ అవుతుందో తెలిస్తే వెతకడం సులువవుతుంది. స్టాండులో ఒక కాయిల్, బ్రష్ అడుగున ఇంకో కాయిల్. స్టాండులోని కాయిల్లో కరెంటు వేగంగా అటూ ఇటూ మారుతుంటే దాని అయస్కాంత క్షేత్రం వల్ల బ్రష్ కాయిల్లో కరెంటు పుడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పనిచేసే పద్ధతే ఇది, కాకపోతే రెండు ముక్కలుగా విడదీసింది. 1954లో స్విట్జర్లాండ్‌లో వచ్చిన బ్రోక్సోడెంట్ అనే తొలి ఎలక్ట్రిక్ బ్రష్ తీగని నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టి, బ్రష్‌ని నోట్లో పెట్టుకునేవారట, అది తలుచుకుంటే ఈ కాయిల్ ఏర్పాటు ఎంత మేలో అర్థమవుతుంది.

ఎలా ఆగిపోయిందో గమనించండి

తల పీకేసి, హ్యాండిల్ ఒక్కదాన్నే ఆన్ చేయండి. ఇది మొదటి పరీక్ష. తల లేకుండా హాయిగా తిరుగుతూ, తల పెట్టగానే నీరసపడితే తప్పు హ్యాండిల్‌ది కాదు, తలది. మూడు నెలలకోసారి మార్చాల్సిన తలని ఏడాది వాడితే లోపలి ప్లాస్టిక్ పళ్ళు అరిగిపోతాయి, లేదా లోపల పేస్టు గట్టిపడి బిగుసుకుపోతుంది. కొత్త తల పెట్టి చూడండి, పని అయిపోవచ్చు. ఆన్‌లైన్‌లో నాలుగు తలలు కలిపి మరీ చవకగా ఇచ్చేవాటిలో కొన్ని షాఫ్ట్ (హ్యాండిల్ పైన తల తగిలించే సన్నటి కడ్డీ) మీద సరిగ్గా కూర్చోవు, అప్పుడు మోటారు శబ్దం వస్తుంది కానీ వెంట్రుకలు కదలవు.

తల లేకుండా కూడా నీరసంగా ఊగుతూ ఒకట్రెండు నిమిషాల్లో ఆగిపోతే సెల్లు ముసలిదైపోయింది. ఏమీ కదలదు కానీ లైటు వెలుగుతోందంటే సెల్లులో కొంత ప్రాణం ఉంది, మోటారో దాని తీగో చూడాలి, లేదా లైటుకు సరిపడా మాత్రమే సెల్లులో మిగిలింది. లైటూ లేదు, కదలికా లేదంటే మొదటి అనుమానం చార్జర్ మీద, తర్వాత సెల్లు మీద. దానంతటదే ఆన్ అయిపోవడం, నొక్కినా ఆఫ్ కాకపోవడం, అర్ధరాత్రి బాత్రూంలోంచి గుర్రుమని శబ్దం రావడం, ఇవన్నీ ఒక్కటే చెబుతున్నాయి, లోపలికి నీళ్ళు పోయాయి. అప్పుడు ఆలస్యం చేయకుండా విప్పాలి, ఎందుకంటే ప్రతి రోజూ బోర్డు మీద చిలుము ఇంకొంచెం పెరుగుతుంది.

ఒక చిన్న సంగతి. సోనిక్ బ్రష్‌లు కొన్నింటిలో ట్రావెల్ లాక్ ఉంటుంది, సూట్‌కేసులో దానంతటదే ఆన్ కాకుండా. ఊరి నుంచి వచ్చాక పనిచేయడం మానేసిందంటే బటన్‌ని కొన్ని సెకన్ల పాటు అలాగే నొక్కి పట్టుకోండి, లేదా చార్జింగ్ మీద పెట్టండి, లాక్ వదులుతుంది. నెలల తరబడి వాడకుండా పెట్టినదైతే స్టాండు మీద పెట్టగానే లైటు రాకపోవచ్చు, అరగంట వరకూ ఓపిక పట్టండి. స్టాండు మీద చార్జ్ అయ్యే బ్రష్‌లు చాలావాటికి పూర్తిగా ఖాళీ అయ్యాక నిండటానికి మోడల్‌ని బట్టి ఇరవైనాలుగు గంటల దాకా పట్టొచ్చు, ఫోన్‌లాగా గంటలో అయిపోదు.

చార్జర్ దగ్గరే ఆగండి కాసేపు

చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి, కానీ జనం దీన్ని దాటేసి నేరుగా విప్పుతారు, విప్పాక కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు తెలిసేదేమిటంటే బాత్రూంలో ఆ ప్లగ్ పాయింట్‌కి కరెంటే రావడం లేదని. ముందు అదే ప్లగ్‌లో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. గీజర్ స్విచ్‌తో కలిపి ఇచ్చిన పాయింట్లు ఉంటాయి కొన్ని ఇళ్ళల్లో, గీజర్ ఆపితే బ్రష్ చార్జింగ్ కూడా ఆగిపోతుంది, వేసవి వచ్చి గీజర్ మానేశాక బ్రష్ పాడైందనుకుంటారు.

పాయింట్ బాగుంటే, బ్రష్‌ని ఓ గంట స్టాండు మీద ఉంచి స్టాండుని చేత్తో పట్టుకోండి. పనిచేసే స్టాండు కాస్త గోరువెచ్చగా ఉంటుంది. చల్లగా ఉంటే అనుమానించాల్సిందే. ఇంట్లో అదే కంపెనీ బ్రష్ ఇంకొకటి ఉంటే దాన్ని పెట్టి చూడటం అన్నిటికన్నా సులువు. ఎలక్ట్రానిక్స్ అంటే సరదా ఉన్నవాళ్ళు ఇంకో పని చేయొచ్చు, సన్నటి ఎనామెల్ తీగను ముప్పై నలభై చుట్లు చుట్టి రెండు కొసలకీ ఒక ఎల్ఈడీ కలిపి స్టాండు ముక్కు మీద పెట్టండి. వెలిగిందంటే స్టాండు భేషుగ్గా ఉంది. వెలగకపోతే మాత్రం వెంటనే తీర్పు చెప్పకండి, మీ చుట్లు చాలకపోయి ఉండొచ్చు, లేదా బ్రష్ ఉందని కనిపెట్టాకే పూర్తి శక్తినిచ్చే స్టాండు అయి ఉండొచ్చు.

ఇప్పుడు అమెరికా బ్రష్‌ల సంగతి. అక్కడి నుంచి పిల్లలు తెచ్చిపెట్టిన బ్రష్‌లు మన ఊళ్ళో ఎక్కువగా పాడయ్యేది ఇందువల్లే. అక్కడ అమ్మే స్టాండులు కొన్ని అమెరికా కరెంటుకి మాత్రమే తయారైనవి. స్టాండుని తిరగేసి చూస్తే సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. 100-240 వోల్టులని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది. 110-130 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్‌లో పెట్టకూడదు, పెడితే స్టాండు పోతుంది. కొట్లో దొరికే పిన్ మార్చే అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజీ మార్చదు, ఈ ఒక్క ముక్క అమెరికా వెళ్ళొచ్చే ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. అలా స్టాండు పోయినా సాధారణంగా బ్రష్ బతికే ఉంటుంది, ఎందుకంటే రెండిటికీ మధ్య తీగ సంబంధం లేదు. ఓరల్-బిలో ఐఓ సిరీస్ వదిలేస్తే మిగతా రీచార్జి హ్యాండిళ్ళు చాలావరకు ఒకే రకం స్టాండు మీద చార్జ్ అవుతాయి, కాబట్టి ఇక్కడి 230 వోల్టుల స్టాండు ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది. ఇక్కడి నుంచి చదువుకోడానికి వెళ్ళే పిల్లలకు దీని తిరగబడ్డ సమస్య, 220-240 వోల్టుల స్టాండు అక్కడ 120 వోల్టుల మీద చార్జ్ చేయదు, లేదా నత్తనడక నడుస్తుంది. అప్పుడు బ్రష్ పాడైందని పారేయకండి, స్టాండు మార్చండి.

లండన్ నుంచి వచ్చిన బ్రష్‌లది ఇంకో కథ. అక్కడ బాత్రూంలలో గడ్డం గీసుకునే మెషీన్‌ల కోసం ప్రత్యేకంగా రెండు పిన్నుల పాయింట్ ఉంటుంది, ఆ పిన్నులు కాస్త లావు, మధ్య దూరం కాస్త తక్కువ. మన సాకెట్లో బలవంతంగా దూర్చితే దూరినట్టే ఉంటుంది కానీ సరిగ్గా తగలదు, తగిలితే చార్జ్, లేకపోతే లేదు, పైగా నిప్పురవ్వలు. వాటికి సరిపోయే అడాప్టర్ వాడండి.

యూఎస్‌బీ రకానికి రెండు జబ్బులున్నాయి. ఒకటి, చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగ్గా నొక్కకపోవడం, నీళ్ళు పోయి లోపల పచ్చగా చిలుము పట్టడం. రెండోది చాలామందికి తెలియదు. చవక బ్రష్‌లలో టైప్-సి రంధ్రం ఉంటుంది కానీ లోపల ఉండాల్సిన 5.1 కిలోఓమ్ రెసిస్టర్లు రెండూ పెట్టరు, డబ్బులు మిగుల్చుకోడానికి. దాంతో రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో కొత్త ఫోన్ చార్జర్‌కి కలిపితే ఆ చార్జర్ అవతల ఏ పరికరమూ లేదనుకుని కరెంటే ఇవ్వదు. పాత రకం, ఒక వైపు వెడల్పాటి యూఎస్‌బీ-ఏ ఉన్న కేబుల్‌తో పెట్టి చూడండి, టక్కున చార్జ్ అవుతుంది. బ్రష్‌తో వచ్చిన ఆ పొట్టి తీగని అందుకే పారేయొద్దు.

స్టాండు పోయిందని తేలితే దాన్ని విప్పకండి. లోపల నేరుగా 230 వోల్టులు ఉంటాయి, చాలావాటిలో గట్టి జిగురు పోసి మూసేస్తారు కూడా. కొత్తది కొనడమే.

విప్పే ముందు శుభ్రం

బోరు నీళ్ళు వాడే ఇళ్ళల్లో షాఫ్ట్ చుట్టూ, తల లోపల తెల్లటి సున్నపు పొర పేరుకుంటుంది, దానికి పేస్టు కలిస్తే సిమెంటే. తలని వెనిగర్ కలిపిన నీళ్ళలో ఓ గంట నానబెట్టి, బాగా కడిగి, ఆరబెట్టి పెట్టండి. హ్యాండిల్‌ని మాత్రం నానబెట్టకూడదు, షాఫ్ట్ మొదట్లో ఉండే రబ్బరు సీలు చుట్టూ తడి ఇయర్‌బడ్‌తో తుడవండి చాలు. గుండుసూదితో గీకారంటే సీలు చిరుగుతుంది, అప్పుడు నిజంగానే నీళ్ళు పోతాయి.

సెల్లు వేసే రకమైతే మూత తీసి లోపలి స్ప్రింగు చూడండి. తెల్లటి పొడి ఉంటే సెల్లు కారిందన్నమాట, వెనిగర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచి, తర్వాత పొడి దూదితో తుడిచి, స్ప్రింగు మెరిసేదాకా ఇసుక కాగితంతో సన్నగా రుద్దండి. కొత్త సెల్లు వేయండి. ఈ రకానికి నూటికి తొంభై వంతులు రిపేరంటే ఇదే, అంతకు మించి సమయం పెట్టడం దండగ.

విప్పడం

చేతిలో ఉండాల్సినవి: మొబైల్ రిపేర్ చేసే చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు, పాత సిమ్ కార్డు లాంటి పల్చటి ప్లాస్టిక్ ముక్క, చవకరకం మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు), సెల్లు మార్చాలంటే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ (సీసం కరిగించి తీగలు అతికే పరికరం). ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చిన్న సీసా, మొబైల్ షాపుల వాళ్ళు ఐపీఏ అంటారు. విప్పే ముందు హ్యాండిల్‌ని అది ఆగిపోయేదాకా తిప్పి సెల్లు ఖాళీ చేయండి, పొరపాటున రెండు తీగలు తగిలినా ప్రమాదం తక్కువ.

తిరిగే తల ఉన్న ఓరల్-బి రకంలో ఎక్కువగా దారి అడుగు నుంచే. అడుగు మూత అంచున ఉన్న సందులో వెడల్పాటి స్క్రూడ్రైవర్ పెట్టి మెల్లగా తిప్పితే మూత ఊడుతుంది. తర్వాత తల లేని షాఫ్ట్‌ని బల్ల మీద నిలువుగా ఆనించి హ్యాండిల్‌ని కిందికి నొక్కితే లోపలి సరంజామా అంతా ఒకే ముక్కగా అడుగు నుంచి బయటికి జారుతుంది. బలంగా కొట్టకండి, మందపాటి గుడ్డ వేసి నొక్కండి. సోనికేర్‌లో పాత మోడళ్ళకూ కొత్తవాటికీ తేడా ఉంది, కొన్ని అడుగు నుంచి, కొన్ని షాఫ్ట్‌ని గట్టి నేల మీద నొక్కితే విడిపోయేవి. మీ మోడల్ నంబరు అడుగున రాసి ఉంటుంది, దానితో వచ్చిన పుస్తకంలో చివరి పేజీలు తిప్పండి, పారేసే ముందు సెల్లు ఎలా తీయాలో బొమ్మలతో ఉంటుంది. అది పారేయడానికి రాసిందే అయినా విప్పే దారి అదే.

ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ముఖ్యంగా సెల్లు ఏ వైపు ఉందో, ఏ రింగు ఎక్కడ కూర్చుందో.

కొన్ని చవక బ్రష్‌లకు ఎక్కడా సందు ఉండదు, రెండు ప్లాస్టిక్ ముక్కల్ని కలిపి అతికించేసి ఉంటాయి. వాటిని కోసి విప్పొచ్చు, కానీ మళ్ళీ మూయలేరు. వాటిని వదిలేయమనే నా సలహా.

సెల్లు

సెల్లు మీద రాసింది మొదట చదవండి. 1.2 వోల్టులు అని ఉంటే నికెల్ మెటల్ హైడ్రైడ్, 3.6 లేదా 3.7 అని ఉంటే లిథియం అయాన్. ఈ రెండూ ఒకదాని బదులు ఒకటి వేయకూడదు, కొలత అచ్చంగా సరిపోయినా సరే, చార్జ్ చేసే సర్క్యూట్ పద్ధతే వేరు. 1.2 వోల్టుల దాని బదులు లిథియం వేస్తే నోటి దగ్గర పెట్టుకునే వస్తువులో నిప్పు దాచుకున్నట్టే.

మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి సెల్లు రెండు కొసలూ తాకండి. ఊరికే కొలిస్తే మోసపోతారు, బటన్ నొక్కి ఉంచి కొలవండి. విప్పే ముందు సెల్లు ఖాళీ చేశారు కాబట్టి, మళ్ళీ చార్జ్ చేసి కొలిస్తేనే ఈ లెక్క సరిపోతుంది. ముసలి నికెల్ సెల్లు బటన్ నొక్కనప్పుడు 1.25 చూపించి, మోటారు మీద భారం పడగానే 1 వోల్టు కిందికి జారిపోతుంది. అది పోయినట్టే. లిథియం సెల్లు నిండుగా ఉంటే 4.2, ఖాళీ అంటే సుమారు 3. అది 2.5 కిందికి పడిపోయి ఉంటే దాన్ని బలవంతంగా లేపే ప్రయత్నం చేయొద్దు, ఉబ్బినట్టు కనిపిస్తే అసలే వద్దు, మార్చేయండి.

కొనేముందు స్కేలు పెట్టి పొడవు, వెడల్పు కొలవండి. మామూలు ఏఏ సెల్లు వెడల్పు 14.5, పొడవు 50.5 మిల్లీమీటర్లు, చాలా బ్రష్‌లలో ఉన్నది ఇంచుమించు అదే లేదా దానికి తమ్ముడు. లిథియంలో 14500 అనే పేరు కనిపిస్తుంది, 14 అంటే వెడల్పు, 50 అంటే పొడవు. పొట్టివి, లావువి కూడా ఉంటాయి, కాబట్టి పేరు చూసి కాదు, కొలత చూసి కొనండి. లిథియంలో రక్షణ బోర్డు అతికించినవి ఒకట్రెండు మిల్లీమీటర్లు పొడవుంటాయి, లోపల పట్టకపోవచ్చు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఇలాంటివి విడిగా దొరుకుతాయి, మిగతా ఊళ్ళవాళ్ళకు ఆన్‌లైనే గతి. 14500 సెల్లు మీద 2500, 3000 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క) అని అచ్చేసి ఉంటే పక్కన పడేయండి, ఆ సైజులో నిజంగా వచ్చేది వెయ్యికి అటూ ఇటూనే.

ఇంకో ముఖ్యమైనది, రెండు కొసలకీ రేకు పట్టీలు అతికించి ఉన్న సెల్లునే కొనండి. ఉత్త సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ పెడితే ఆ వేడికి లోపలి పొర దెబ్బతింటుంది, లిథియం అయితే ప్రమాదం కూడా. పాత సెల్లు తీసేటప్పుడు ఒక కొసని పూర్తిగా విడదీసి, దానికి టేపు చుట్టి, అప్పుడు రెండో కొస ముట్టుకోండి. కొత్తది సోల్డర్ చేసే ముందు చేత్తో రెండు పట్టీలనూ బోర్డు మీద ఆనించి బటన్ నొక్కి చూడండి. తిరిగిందా, ఇక ధైర్యంగా అతికించండి. ప్లస్ మైనస్ తిరగేస్తే బోర్డు ఆ క్షణంలోనే పోతుంది, ఆ ఫొటో తీసుకోమన్నది ఇందుకే. సోల్డరింగ్ చేతకాకపోతే సందు చివర మొబైల్ రిపేర్ అబ్బాయికి ఇవ్వండి, వాళ్ళకిది టీ తాగే లోపు పని. కానీ కొలిచి, కొని, విప్పి ఇవ్వండి, మూసే పని మీరే చేసుకోండి.

చిలుము, బటన్, మోటారు

బోర్డు మీద పచ్చగా, తెల్లగా పొడి కనిపిస్తే ఐపీఏలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో (అవును, దానితోనే) మెత్తగా రుద్దండి. ఆరాక మళ్ళీ ఒకసారి. తీగ తెగిపోయేంత తినేసి ఉంటే తప్ప చాలావరకు బోర్డు లేస్తుంది. నీళ్ళు పోయిన బ్రష్‌ని బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు, దానివల్ల బియ్యం పాడవడం తప్ప ఏమీ జరగదు. పేస్టు కలిసిన నీళ్ళు ఆరినా వాటిలోని ఉప్పులు బోర్డు మీదే ఉంటాయి, కడగాల్సిందే.

బటన్ అంటే బయట కనిపించే రబ్బరు కాదు, దాని కింద బోర్డు మీద టిక్కుమనే చిన్న స్విచ్. స్క్రూడ్రైవర్ కొసతో స్విచ్ రెండు కాళ్ళనూ కలపండి, బ్రష్ ఆన్ అయితే స్విచ్ పోయింది. ఒక చుక్క ఐపీఏ వేసి ఇరవై ముప్పై సార్లు నొక్కితే కొన్నిసార్లు లేస్తుంది, లేకపోతే అదే సైజు స్విచ్ మార్చాలి. స్విచ్‌ని నేరుగా నొక్కితే టిక్కుమంటూ పనిచేస్తోంది కానీ పై రబ్బరు మీద నుంచి నొక్కితే పనిచేయడం లేదంటే రబ్బరు సాగి స్విచ్‌ని చేరడం లేదు, మధ్యలో సన్నటి ప్లాస్టిక్ ముక్క పెట్టండి చాలు.

మోటారు పరీక్షకు తిరిగే రకంలో మోటారు కాళ్ళకి నేరుగా ఒక ఏఏ సెల్లు తాకించండి. తిరిగితే మోటారు మంచిదే, లోపం బోర్డులో. గరగరమని ఆగుతూ తిరిగితే పళ్ళచక్రాల్లో పేస్టు చేరింది, తుడిచి ఒక్క చుక్క సిలికాన్ గ్రీజు పెట్టండి. సోనిక్ రకంలో ఈ పరీక్ష పనికిరాదు, అక్కడ మామూలు మోటారు ఉండదు, కాయిల్, అయస్కాంతాలు ఉంటాయి, సెల్లు తాకిస్తే ఒకసారి టక్కుమని కదిలి ఊరుకుంటుంది. ఆ టక్కు వచ్చిందంటే కాయిల్ తెగలేదని అర్థం. సోనిక్ బ్రష్ ఉన్నట్టుండి పెద్ద శబ్దం చేస్తూ పళ్ళ మీద మాత్రం ఊపు లేకుండా ఉంటే సెల్లు మార్చే తొందరలో పడకండి, షాఫ్ట్‌ని పట్టి ఉంచే చిన్న స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. బిగించి, వీలైతే దారాలకు లాక్ చేసే జిగురు ఒక చుక్క పెట్టండి. సోనికేర్‌లో ఇది చాలామందికి అనుభవమే.

మూయడం

రబ్బరు రింగుల్ని తీసి గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టి చూడండి. సన్నటి పగులు ఉన్నా, ఒక వైపు చపటగా నొక్కుకుపోయినా మార్చండి, హార్డ్‌వేర్ షాపుల్లో ఓ-రింగులంటే రకరకాల సైజులు ఇస్తారు. రింగు మీద, అది కూర్చునే గాడిలో సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. వ్యాజలిన్ వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడిపోతుంది. గాడిలో ఒక్క వెంట్రుక, పాత పేస్టు పెచ్చు ఉన్నా నీళ్ళకు అదే తోవ, కాబట్టి ఈ పని హడావిడిగా చేయొద్దు, టీవీ చూస్తూ అస్సలు చేయొద్దు.

లోపలి సరంజామా పెట్టేటప్పుడు కాయిల్ తీగలు నలగకుండా, బటన్ రబ్బరుకి స్విచ్ ఎదురుగా వచ్చేలా చూసుకోండి. అడుగు మూత లాకు విరిగిపోతే సూపర్ గ్లూతో అతికించకండి, అది కదలికకి పెళుసుగా విరుగుతుంది. అక్వేరియంలకు వాడే సిలికాన్ సీలెంటు అంచు చుట్టూ పల్చగా రాసి ఒక రోజంతా వదిలేస్తే పట్టుకుంటుంది, రేపు మళ్ళీ విప్పాలన్నా బ్లేడుతో కోస్తే వస్తుంది.

లీకు పరీక్ష ఇలా చేయండి. ఒక మగ్గులో చేయి పెట్టగలిగేంత వేడి నీళ్ళు తీసుకుని హ్యాండిల్‌ని కొద్ది సెకన్లు పూర్తిగా ముంచండి. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఎక్కడ సందుంటే అక్కడ బుడగలు వరుసగా వస్తాయి. బుడగలు వచ్చాయంటే వెంటనే బయటికి తీయండి, నీళ్ళలోనే ఉంచి చల్లారనిస్తే ఈసారి లోపలికి పీల్చుకుంటుంది. బుడగలు లేకపోతే తుడిచి రాత్రంతా చార్జింగ్ పెట్టండి. ఆ మొదటి చార్జింగ్‌లో ఒకట్రెండుసార్లు చేత్తో పట్టుకుని చూడండి, గోరువెచ్చన మామూలే, కాలుతుంటే తీసేసి మళ్ళీ విప్పాలి. లిథియం వేసినవాళ్ళు మొదటి చార్జింగ్ పడుకునేటప్పుడు కాకుండా పగలు ఇంట్లో ఉన్నప్పుడు పెట్టుకోండి.

నికెల్ సెల్లు వేసినదైతే ఆరు నెలలకోసారి స్టాండు తీసేసి, బ్రష్ పూర్తిగా ఆగిపోయేదాకా వాడి, మళ్ళీ నిండుగా చార్జ్ చేయండి, కంపెనీల పుస్తకాల్లోనూ ఇదే ఉంటుంది. లిథియం దానికి ఇది అక్కర్లేదు. ఏ రకమైనా వాడాక తల పీకి, షాఫ్ట్ కడిగి, తుడిచి విడివిడిగా పెట్టండి, తడి తల అలాగే ఉంచితే పేస్టు నీళ్ళు దిగేది సరిగ్గా ఆ సీలు దగ్గరికే.

తీసేసిన పాత సెల్లు చెత్తబుట్టలో వేయొద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకుండా విడిగా సేకరించేవాళ్ళకు ఇవ్వాలి. లిథియం అయితే రెండు కొసలకీ టేపు అంటించి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేదాకా ఒక రేకు డబ్బాలో వేసి పిల్లలకు అందకుండా పెట్టండి.